పన్నెండు ఇళ్ల బాకీ: ఫుల్‌టైమ్ ఫోటోగ్రఫీలోకి వచ్చిన ఒక తమ్ముడి కేసు

నల్లగొండలో స్టూడియో పెట్టి నాకు 27 ఏళ్లయింది. రీలు కెమెరా రోజుల నుంచి ఈ పనే నా బతుకు. ఇప్పుడు పెళ్లిళ్లకు స్వయంగా వెళ్లడం తగ్గించాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు లెక్కలు పట్టుకుని వస్తే కూర్చుని చూస్తాను, నాకు తెలిసింది చెబుతాను. అలా వచ్చినవాళ్లలో ఒకరి కేసు ఇది. పని బాగా తెలిసినవాడు, కష్టపడేవాడు, చేతినిండా ఆర్డర్లున్నవాడు కూడా మునిగిపోయే దాకా ఎలా వస్తాడో ఇందులో కనబడుతుంది. ఆ తమ్ముడి అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఇళ్ల వివరాలు తీసేశాను. అంకెలను దగ్గరి వేలకు సర్దాను.

నేపథ్యం

నా దగ్గరికి వచ్చేనాటికి అతని వయసు 29. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కలిసే వైపు ఒక మండల కేంద్రం అతనిది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాడు. శని, ఆదివారాలు తెలిసినవాళ్ల ఫంక్షన్లకు ఫోటోలు తీసేవాడు. 2022లో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాడు. తరువాత ముద్ర పథకంలో కిశోర్ కింద 3,50,000 అప్పు తీసుకున్నాడు. కిశోర్ అంటే 50 వేలు దాటి 5 లక్షల దాకా ఇచ్చే విభాగం. మూడేళ్ల కిస్తు. ఆ డబ్బుతో ఫుల్‌ఫ్రేమ్ సోనీ కెమెరా, 24-70, 85 లెన్సులు, ఫ్లాష్‌లు కొన్నాడు. మెయిన్ రోడ్డు మీద నెలకు 8 వేల అద్దెకు షాపు తీసుకున్నాడు. ఇంట్లో భార్య, ఒక పాప.

పనిలో వంక పెట్టడానికి లేదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో అందరూ అమ్మాయి తల వైపు కెమెరా తిప్పితే, అడ్డుతెర కింద అబ్బాయి కాలి వేళ్లు బిగుసుకుపోవడం చూసి తీసినవాడు ఇతను. అలా చూడగలిగే కన్ను నేర్పితే రాదు.

అతను వచ్చింది 2024 మే నెలలో. ఆ ఏడు మే, జూన్‌లలో మూఢం వల్ల ముహూర్తాలే లేవు. దాని వెనకాలే ఆషాఢం. ఏప్రిల్ చివర ఆగిన పెళ్లిళ్లు మళ్లీ శ్రావణంలోనే. కిస్తు మాత్రం ప్రతి నెలా వస్తుంది.

"గిరాకీ ఉంది గనీ చేతిల పైసలు ఉంటలేవన్నా. ఒక్కసారి పిల్చినోళ్లు మళ్ల పిలుస్తలేరు. కెమెరా మార్చాల్నా, ఇన్‌స్టాల యాడ్స్ పెంచాల్నా?" అన్నాడు.

అప్పటికే అతను ఈ సమస్యకు మూడు మందులు వాడి ఉన్నాడు. ఒక కొత్త లెన్స్ కొన్నాడు. ఫోన్‌లో యాడ్‌లకు డబ్బు పెట్టాడు. ఎవరినైనా తీసుకొస్తే పది శాతం తగ్గిస్తానన్నాడు. మూడింటితోనూ ఫోన్‌కాల్స్ పెరిగాయి. పాత ఇళ్లు మాత్రం తిరిగి రాలేదు.

లెక్క

నేను ముందు ఫోటోలు చూడలేదు, డబ్బు లెక్క అడిగాను. అతని దగ్గర లెక్క పుస్తకం లేదు. ఫోన్‌పే హిస్టరీ, డైరీలో దాచిన అడ్వాన్సు చీటీలు, ఫ్రీలాన్సర్లకు పంపిన డబ్బు స్క్రీన్‌షాట్లు ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాం.

2023 మే నుంచి 2024 ఏప్రిల్ దాకా 16 పెళ్లిళ్లు, 15 చిన్న ఫంక్షన్లు చేశాడు. పెళ్లికి సగటున 65 వేలు, చిన్న ఫంక్షన్‌కు 15 వేలు. మొత్తం 12,65,000. సేవలు అందించేవాళ్లకు జీఎస్టీ 20 లక్షలు దాటితేనే కాబట్టి ఆ భయం లేదు. పైకి చూస్తే బాగా నడుస్తున్న షాపే.

తరువాత ఒక పెళ్లి ఖర్చు విడదీశాం. క్యాండిడ్‌కు పిలిచిన ఫ్రీలాన్సర్‌కు 10 వేలు, వీడియో అతనికి రెండు రోజులకు 12 వేలు, డ్రోన్‌కు 5 వేలు, డిజైన్‌తో కలిపి 40 షీట్ల 12×36 ఆల్బమ్‌కు 11 వేలు, వీడియో మిక్సింగ్‌కు (ఎడిటింగ్) 6 వేలు, లైట్ల కుర్రాడికీ డీజిల్‌కూ భోజనాలకూ 5 వేలు. మొత్తం 49 వేలు. మిగిలేది 16 వేలు. పదహారు పెళ్లిళ్లకు 2,56,000. షాపు అద్దె, కిస్తు, కరెంటు, ఇంటర్నెట్, రిపేర్లు కలిపితే ఏడాదికి 2,64,000. అంటే పెళ్లిళ్లన్నీ కలిసి షాపును కూడా పూర్తిగా మోయలేకపోయాయి. ఇంటికి అన్నం పెట్టింది బారసాలలు, పుట్టువెంట్రుకలు, సీమంతాలు, గృహప్రవేశాలు. వాటిలో ఒక్కోదానికి ఖర్చు 5 వేలు దాటదు, 10 వేలు మిగులుతుంది. సీజన్‌లో అతను వదులుకుంటున్నదీ, అసిస్టెంట్‌ను పంపి సరిపెడుతున్నదీ సరిగ్గా ఈ పనులనే. ఇది చూసి అతను చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకా పెద్ద దెబ్బ వేరే ఉంది. పన్నెండు పెళ్లిళ్లకు ఆల్బమ్‌లు అసలు ప్రింటుకే పోలేదు. ఆ పన్నెండు ఇళ్లలో ఒక్కోచోట 30 వేల చొప్పున 3,60,000 ఆగిపోయింది. ఏడాదిలో చేతికొచ్చింది 9,05,000. ప్రింటు కాని ఆల్బమ్‌ల ఖర్చు తీసేసినా చేతి నుంచి పోయింది 9,91,000. ఇంట్లో పొయ్యి వెలిగించకముందే 86 వేల లోటు. దాన్ని భార్య గొలుసు కుదువ పెట్టి, చిట్టీ ముందే ఎత్తుకుని పూడ్చాడు.

పన్నెండు ఆల్బమ్‌లు ఎందుకు ఆగాయి

"వాళ్లు సెలెక్షన్ చేస్తలేరన్నా" అన్నాడు. అది నిజమే. కానీ పన్నెండు ఇళ్లు ఒకే తప్పు చేస్తున్నాయంటే తప్పు ఇళ్లలో ఉండదని నాకనిపించింది. అందుకే ఒక్కో ఇంటి కథా అడిగాను.

పెళ్లి అయిన నెలకు నాలుగు వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాడు. 200 ఎంచి నంబర్లు పంపమంటాడు. కొత్త జంట అప్పటికే హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లి ఉంటుంది. ఊళ్లో తల్లిదండ్రులకు కంప్యూటర్ లేదు. పెన్‌డ్రైవ్ బీరువాలో, బంగారం రశీదుల పక్కన చేరుతుంది. ఇతను నెలకోసారి ఫోన్ చేసి అడుగుతాడు. చేయలేదన్న మొహమాటంతో వాళ్లు ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఫోన్ చేస్తే డబ్బు కోసమే అనుకుంటారేమోనని ఇతనూ చేయడం తగ్గిస్తాడు. ఆల్బమ్ కాదు, బాకీ రాదు. కొత్త పెళ్లి అడ్వాన్సు తెచ్చి పాత పెళ్లి వీడియో అతనికి కడతాడు. ఏడాది గడిచాక ఆ ఇంట్లో రెండో అమ్మాయి పెళ్లి కుదిరితే, మొహమాటం పడ్డ మనిషిని ఎవరు పిలుస్తారు? ఇంకొకరిని పిలవడమే వాళ్లకు తేలిక.

రెండో రోజు సాయంత్రం, ఇక లేద్దామనుకుంటుండగా, అతను ఒక ఇంటి సంగతి చెప్పాడు. ఆ పన్నెండు ఇళ్లలో ఒకటి. పెళ్లి ఫిబ్రవరిలో అయింది. మార్చిలో పెళ్లికూతురి నాయనమ్మ చనిపోయింది. తండ్రి ఫోన్ చేసి, "అమ్మ ఫోటో ఒకటి కావాలె బాబూ, పెద్దకర్మకు ఫ్రేమ్ కట్టించాలె" అన్నాడు. ఇతను అప్పుడు ఇంకో పెళ్లిలో ఉన్నాడు. ఇంటికొచ్చి హార్డ్ డిస్క్ తెరిస్తే ఫోల్డర్లన్నీ కెమెరా పెట్టిన పేర్లతోనే ఉన్నాయి: 100ఎంఎస్‌డీసీఎఫ్, 101ఎంఎస్‌డీసీఎఫ్. ఏది ఎవరి పెళ్లో తెలియదు. మధ్యలో ఇంకో ముహూర్తం. మూడో రోజు రాత్రి దొరికింది. ఆలోపు ఇంటివాళ్లు ఎవరో పిల్లాడి ఫోన్‌లోని గ్రూప్ ఫోటోలో ఆమె ముఖం కత్తిరించి, ఊరి బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ కొట్టించారు. ముఖం చెదిరిపోయి ఉంది. ఇతను పెద్ద ప్రింటు తీసి, ఫ్రేమ్ కట్టించి, కర్మ రోజున తీసుకుపోయాడు. ఎవరి చేతికివ్వాలో తోచక గేటు లోపల గోడకు ఆనించి వచ్చేశాడట.

ఆ ఫోటో నాకు చూపించాడు. ముసలమ్మ అరుగు మీద కూర్చుంది. ఒళ్లో వక్కాకు సంచి, దాని తాడు వేలికి చుట్టుకుని ఉంది. ఎడమ వైపు నుంచి పొద్దుటి వెలుగు పడి బుగ్గ మీద ముడతలన్నీ కనబడుతున్నాయి. ఎవరో పిలిస్తే తలెత్తి, నవ్వబోతోంది. ఆ ఏడాది అతను తీసిన వాటిలో అన్నింటికన్నా మంచి ఫోటో అదే. చూడాల్సిన సమయానికి దాన్ని చూడాల్సినవాళ్లు చూడలేదు.

అప్పటిదాకా నేను దీన్ని డబ్బు కేసుగానే చూస్తున్నాను. ఆ ఫోటో చూశాక ప్రశ్న మార్చుకున్నాను. ఫోటో తీసిన రోజుకూ అది ఇంటికి చేరే రోజుకూ మధ్య ఏం జరుగుతోంది? డబ్బు ఆగిందీ, నమ్మకం పోయిందీ ఆ సందులోనే.

మేం చేసి విఫలమైనవి

మొదటిది నా సలహానే. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద ఒప్పందం రాయించుకొమ్మన్నాను: ఎంపిక 30 రోజుల్లో చేయకపోతే ఫోటోలు మేమే ఎంచుతాం, బాకీ 45 రోజుల్లో కట్టాలి అని. బాధ్యత కాగితం మీదికొస్తే పని కదులుతుందనుకున్నాను. శ్రావణం పెళ్లిళ్ల కోసం వచ్చిన మొదటి ఐదు ఇళ్లకు చూపిస్తే రెండు ఇళ్లు వెనక్కి పోయాయి. ఒక పెద్దాయన, "పిల్లను ఇచ్చేటోళ్లతోనే కాగితం రాసుకోలేదు, నీతోని రాసుకోవాల్నా?" అన్నాడట. మన దగ్గర స్టాంపు పేపర్ అంటే భూమి, అప్పు, తగాదా. పెళ్లి మాటల మధ్యలో ఆ కాగితం పెట్టమనడం నా పొరపాటు. తరువాత అదే సమాచారాన్ని మామూలు తెల్ల కాగితం మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో, సంతకాల గీత లేకుండా ఇచ్చాడు. ఏ రోజు ఎవరు వస్తారు, ఏమేమి ఇస్తాం, ఎప్పుడు ఇస్తాం, ఎప్పుడు ఎంత ఇవ్వాలి, అంతే. దాన్ని జనం లగ్నపత్రికతో పాటు కవర్లో పెట్టుకున్నారు.

రెండోది అతని ఆలోచన. ఆన్‌లైన్ గ్యాలరీ లింక్ పంపితే జంట ఫోన్‌లోనే లవ్ గుర్తు నొక్కి ఎంచుకుంటారు. పాత బాకీ ఇళ్లలో మూడింటికి పంపాడు, మూడూ వారంలో పూర్తయ్యాయి. మేమిద్దరం చాలా సంబరపడ్డాం. మూడింటిలో ఒక ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు అమ్మాయి తండ్రి చివరి షీటు దాకా తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పి, "మా అక్క ఏది బాబూ?" అని అడిగాడు. 200 ఫోటోల్లో దాదాపు 130 జంటవే. పెళ్లికి ముందు నలుగు పెట్టి స్నానం చేయించే మైలపోలు నాడు పొద్దున్నుంచీ నిలబడి పనంతా చేసిన మేనత్త ఆల్బమ్‌లో ఒక్కచోటా లేదు. ఆమెకు తెలిస్తే అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు ఆగిపోతాయని ఆయన భయం. ఎనిమిది షీట్లు మళ్లీ ప్రింటు చేయించి, బైండింగ్ విప్పించి కట్టించడానికి 3,500 ఇతనే భరించాడు.

ఈ విషయం మీద నేను ఎక్కువ ఆలోచించాను. జంట తప్పేమీ లేదు, వాళ్ల పెళ్లిలో వాళ్లకు వాళ్లే కనబడతారు. కానీ ఆల్బమ్ ఉండేది ఊళ్లో, తల్లిదండ్రుల బీరువాలో. తిప్పేది వచ్చిపోయే చుట్టాలు. ప్రతివాళ్లూ ముందు తమను వెతుక్కుంటారు, తరువాత పోయినవాళ్లను వెతుక్కుంటారు. డబ్బు కట్టేది తండ్రి, ఎంచేది కూతురు, చూసేది మేనత్త. ఈ ముగ్గురూ ఒకచోట కూర్చోకుండా ఎంపిక సరిగ్గా జరగదు.

మూడోది డబ్బు పద్ధతి. పెళ్లి రోజు సాయంత్రానికి సగం డబ్బు తీసుకోవాలనుకున్నాం. ఒక్క పెళ్లితో వదిలేశాం. అప్పగింతల్లో తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే వెళ్లి డబ్బు అడగడం మనిషన్నవాడికి చేతకాదు. అతను అడగలేదు, నేనైనా అడగను.

పని చేసింది

టెంట్‌హౌస్ వాళ్లకు, వంట మాస్టర్‌కు, బ్యాండు వాళ్లకు ఇళ్లవాళ్లు ముందే ఎందుకిస్తారు, మనకెందుకు తరువాత ఇస్తారు అని ఆలోచించాం. వాళ్లు పెళ్లికి ముందు ఇంటికి వస్తారు, లెక్క మాట్లాడతారు, తీసుకుపోతారు. మనం అడ్వాన్సు తీసుకున్నాక మళ్లీ కనబడేది మైలపోలు పొద్దున కెమెరాతోనే. అందుకని పెళ్లికి నాలుగు రోజుల ముందు ఒక సాయంత్రం ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. వెళ్లింది డబ్బు కోసం మాత్రమే కాదు. ఇంట్లో పెద్దవాళ్లెవరు, ఎవరికి నడవడం కష్టం, మేనమామలెందరు, ఐరేణి కుండలు ఎప్పుడు తెస్తారు, ఎదుర్కోళ్లు ఎక్కడ, ఎవరు ఫోటోలో తప్పకుండా ఉండాలి, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఇల్లంతా ఖర్చుల లెక్కలో ఉండే సమయం అది. బయల్దేరే ముందు 60 శాతం మాట వస్తే ఇబ్బంది లేకుండా ఇచ్చేవాళ్లు. డేట్ బ్లాక్ చేసినప్పుడు 25, ఇప్పుడు 60, ఆల్బమ్‌తో 15. చివర మిగిలేది చిన్న మొత్తం కాబట్టి ఆల్బమ్ తీసుకోవడానికి ఎవరూ జంకరు.

ఎంపికకు దారి మన ఆచారంలోనే దొరికింది. పదహారు రోజుల పండుగకు జంట అమ్మాయి వాళ్లింటికి వస్తుంది. అత్తలు, మామలు, పెద్దలు కొందరైనా అక్కడే ఉంటారు. ముగ్గురూ ఒకచోట ఉండే రోజు పెళ్లయ్యాక మళ్లీ అదే. ఆ రోజు లాప్‌టాప్ తీసుకుని వెళ్లి, ఇంట్లో టీవీకి కేబుల్ పెట్టి, అందరి ముందు ఎంపిక చేయిస్తున్నాడు. నాలుగు వేలు కాదు, ముందే తను ఏరిన 600. రెండు గంటల్లో 200 తేలుతాయి. ముస్లిం ఇళ్లలో జుమాగీకి, అంటే పెళ్లి తరువాతి శుక్రవారం విందుకు, జంట వచ్చినప్పుడు ఇదే పని. ఆ ఆచారాలు లేని ఇంట్లో పండక్కి పిల్లలు వచ్చే రోజు అడిగి పెట్టుకుంటాడు.

మొదటిసారి అతనితో నేనూ వెళ్లాను. టీవీలో మైలపోలు ఫోటోలు వస్తుంటే వంటింట్లోంచి ఒక్కొక్కరే చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. పెళ్లికొడుకు ఒక ఫోటో వద్దంటే వాళ్ల పెద్దమ్మ "ఉండనియ్ రా, నీ కోసమేనా పెండ్లి?" అంది. అమ్మాయికి నచ్చినవీ, పెద్దలకు కావలసినవీ అక్కడికక్కడే బేరమాడుకుని తేల్చుకున్నారు. ఆ బేరం మన నెత్తిన పడకుండా ఇంట్లోనే ముగిసింది.

ఆ సాయంత్రానికి అతను చేతిలో కొన్ని ప్రింట్లు పెట్టుకుని వెళ్తాడు. పెళ్లి పొద్దున, ముహూర్తం హడావిడికి ముందు, ఇంట్లోని ప్రతి ముసలివాళ్లనూ అరుగు మీదో కిటికీ దగ్గరో కూర్చోబెట్టి విడిగా ఒక ఫోటో తీస్తాడు. పది నిమిషాల పని. 8×12 ప్రింటు, ఒక్కొక్కరికి ఒకటి, ప్యాకేజీలో రాయకుండా, డబ్బు అడగకుండా. దాని ఖర్చు ఒక పెళ్లికి 500 దాటదు. ఎందుకు తీస్తున్నాడో అతను ఎవరికీ చెప్పడు. చెప్పాల్సిన విషయం కాదు కూడా.

ఫైళ్ల సంగతి తేలికగానే సర్దాం. ప్రతి ఫోల్డర్‌కు తేదీ, ఇంటిపేరు, ఊరు, ఫంక్షన్. కెమెరాలో రెండు కార్డులకూ ఒకేసారి రికార్డింగ్. పెళ్లి రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ. ఒకటి ఇంట్లో, ఒకటి అన్న వాళ్లింట్లో. పెద్దల ఫోటోలకు విడిగా ఒక ఫోల్డర్.

ధర, డేట్లు, షాపు

ముహూర్తాలు బలంగా ఉన్న రోజుల్లో అతను రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని ఒకదానికి వేరే టీమ్‌ను పంపేవాడు. అలా పంపిన నాలుగు ఇళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. "నిన్ను చూసి పిల్చినం, ఇంకెవరో వచ్చిన్రు" అన్న మాట రెండు చోట్ల నేరుగా విన్నాడు. నా వాదన ఇది: ఆ రెండో పెళ్లిలో మిగిలేది 16 వేలు. ఒక ఇల్లు నిలబడితే పదేళ్లలో బారసాల, పుట్టువెంట్రుకలు, చీర కట్టించే ఫంక్షన్, చెల్లెలి పెళ్లి. 16 వేల కోసం ఇంటినే వదులుకుంటున్నాం. ఒప్పుకోవడానికి అతనికి కష్టమైంది. కిస్తు నెత్తిన ఉన్నవాడికి, వచ్చిన అడ్వాన్సును వద్దనడం ఎంత బరువో నాకు తెలుసు. అయినా ఒక రోజుకు ఒకే పెళ్లి అని తేల్చుకున్నాడు.

పెళ్లి ధర 85 వేలకు పెంచాడు, డ్రోన్‌ను అడిగినవాళ్లకే విడిగా పెట్టాడు. షాపు ఖాళీ చేసి ఇంటి ముందు గదిలోకి మారాడు. ఈ వైపు పెళ్లి ఆర్డర్లు షాపు బోర్డు చూసి రావు, ఇంకో పెళ్లిలో పక్కన కూర్చున్నవాళ్లు చెబితే వస్తాయి. పాస్‌పోర్ట్ ఫోటోల ఆదాయం పోయింది, 8 వేల అద్దె మిగిలింది. ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చుకుని మూఢాలు, ఆషాఢం, భాద్రపదం, పుష్యం గుర్తుపెట్టి, పని లేని నెలలెన్నో ముందే లెక్కేస్తున్నాడు. ప్రతి పెళ్లి మిగులులోంచి కొంత ఆ నెలల కిస్తుల కోసం పక్క ఖాతాలో వేస్తాడు.

చిన్న ఫంక్షన్లకు అతనే వెళ్తాడు. అసిస్టెంట్ లేడు, డ్రోన్ లేదు, ఒక కెమెరా, ఒక ఫ్లాష్. ఇందులో ఒడిబియ్యం గురించి చెప్పాలి. ఆడపిల్లకు పుట్టింట్లో ఒడిబియ్యం పోయడం మన దగ్గర పెద్ద వేడుకే. కానీ దానికి ఫోటోగ్రాఫర్‌ను పిలవాలని చాలా ఇళ్లు అనుకోవు, ఫోన్‌లో తీసుకుంటారు. పెళ్లి చేసిన ఒక ఇంటివాళ్లు మాటల్లో చెబితే ఇతను గంటసేపు వెళ్లి తీశాడు, 3 వేలు తీసుకున్నాడు. చీర కొంగులో బియ్యం పడుతుంటే తల్లి చేతులు, కూతురి ముఖం ఒకే ఫ్రేములో వచ్చిన ఫోటో ఆ ఇంటి హాల్లో పెద్దగా కట్టించుకున్నారు. వచ్చిన ఆడపడుచులందరూ దాన్ని చూశారు. ఆ తరువాత ఒడిబియ్యానికి పిలుపులు వాటంతటవే వచ్చాయి.

ఇళ్ల పుస్తకం ఒకటి అతని భార్య రాస్తోంది. ఏ ఇంట్లో ఏ ఫంక్షన్ అయింది, ఏం ఇచ్చాం, ఏం బాకీ, తరువాత ఏముండొచ్చు. దాన్ని పట్టుకుని పండగ మెసేజ్‌లు పంపొద్దన్నాను. అందరి ఫోన్లలో అవి రోజుకు యాభై వస్తాయి. చెప్పిన తేదీకి ఒక రోజు ఆలస్యమయ్యేలా ఉంటే మాత్రం ముందు రోజే ఆమె ఫోన్ చేస్తుంది. ఆలస్యమైందని కోప్పడినవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. చెప్పకపోతేనే కోపం.

ఏడాది తరువాత

2024 ఆగస్టు నుంచి 2025 జూన్ దాకా 13 పెళ్లిళ్లు, 34 చిన్న ఫంక్షన్లు చేశాడు. ఆ 34లో 19 పాత ఇళ్లవే. ఆల్బమ్ ఆగిన ఇళ్లు రెండే. బయట ఉన్న బాకీ 25 వేలు. గొలుసు విడిపించాడు. వీడియో మిక్సింగ్ ఇంకా ఆలస్యమవుతోంది. మిక్సింగ్ చేసే అతను సీజన్‌లో పదిమందికి చేస్తాడు, మన మాట వినడు. దీనికి నా దగ్గరా సరైన దారి లేదు. ప్రస్తుతం మూడు నిమిషాల చిన్న వీడియో మాత్రం తనే కట్ చేసి పదహారో రోజున చూపిస్తున్నాడు.

నాయనమ్మ ఫోటో ఇల్లు తిరిగి రాలేదు. 2025 ఫిబ్రవరిలో వాళ్ల రెండో అమ్మాయి పెళ్లి ఇంకొకరు చేశారు. ఇతను పెద్దమ్మాయి ఆల్బమ్ తీసుకుపోయి ఇచ్చి, బాకీ అడగకుండా వచ్చాడు. వారం తరువాత ఆయనే డబ్బు పంపించాడు, ఫోన్ మాత్రం చేయలేదు.

పాత పన్నెండులో పదకొండు ఆల్బమ్‌లు ఇళ్లకు చేరాయి. లింక్‌తో అయిన ఆ మూడు పోను, మిగతా ఇళ్లకు ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ లాప్‌టాప్ పట్టుకుని వెళ్లి ఎంపిక చేయించారు. పన్నెండో ఇంట్లో జంట విడిపోయింది. ఆ 30 వేలను పుస్తకంలో కొట్టేయమని నేనే చెప్పాను, కొట్టేశాడు. ఫోటోలు ఏం చేయాలని అడిగాడు. ఉంచమన్నాను. పెళ్లి పొద్దున తీసిన అబ్బాయి తాతయ్య ఫోటో కూడా అందులోనే ఉంది. తేదీ, ఇంటిపేరు రాసి ఆ ఫోల్డర్‌ను రెండు డిస్కుల్లోనూ పెట్టాడు.